రెండు రెమ్మలు

జింకను కాల్చిన చోట అప్పటికే ఎవరో తొక్కారు. మంచుకు తడిసిన గడ్డిలో బూటు జాడలు ముందుకు పోయాయి, వెనక్కి వచ్చాయి, ఒకచోట గుండ్రంగా తిరిగాయి. క్విరిన్ వాటిని చూసి కుక్కను పొదల అంచునే కూర్చోబెట్టాడు. ఇటుక రంగు ఒళ్ళు, నల్ల మూతి. బిర్కా కూర్చుంది, ముక్కు మాత్రం గాలిలోకి ఎత్తింది.

"ఎవరు తిరిగారిక్కడ?"

"నేనే," అన్నాడు గాలుస్. "రక్తం ఉందేమోనని చూశా. చుక్క లేదు. గురి తప్పిందిరా. రేపు ఊళ్ళో ఎవరూ మాటనకుండా ఉంటుందని పిలిచా నిన్ను. కుక్కతో ఒక చుట్టు చుట్టి ఏమీ లేదని చెప్పేసెయ్. ఇంటికెళ్ళి కాఫీ తాగుదాం."

గాలుస్ ఆ లోయకు వేటపెద్ద. ఏ మంచె మీద ఎవరు కూర్చోవాలో, ఏ జింకను ఎవరు కాల్చాలో చెప్పేది అతనే. అతని పక్కన కోడలు ఆఫ్రా తుపాకీ భుజాన వేసుకుని తన బూట్ల వంక చూస్తూ నిలబడింది. పక్క లోయ నుంచి వచ్చిన పిల్ల. ఈ వసంతంలోనే వేట పరీక్ష పాసయింది. నిన్న సాయంత్రం కోడలు కాల్చిందనీ, చెయ్యి వణికినట్టుందనీ గాలుస్ ఫోన్లో చెప్పాడు.

జింక నిలబడిన చోట గుర్తుగా ఒక దేవదారు కొమ్మ గుచ్చి ఉంది. క్విరిన్ దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"జింక ఎటు తిరిగి నిలబడింది?"

"అడ్డంగా," అన్నాడు గాలుస్.

"నేను నిన్నడగలేదు."

ఆఫ్రా మామగారి వైపు ఒకసారి చూసింది. "అడ్డంగానే. తల వాగు వైపుంది."

"గుండు పేలగానే ఏం చేసింది?"

"తల విదిలించింది."

"దులుపుకుని పరిగెత్తింది, అంతే," అన్నాడు గాలుస్.

క్విరిన్ కొమ్మ చుట్టూ గడ్డిని వేళ్ళతో దువ్వినట్టు విడదీస్తూ పోయాడు. ఏమీ లేదు. వెంట్రుక లేదు, మట్టిలో గిట్టల గాటు లేదు. లేచి కుక్క దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి వెడల్పాటి తోలు పట్టెడ తీసి మెడకు పెట్టాడు. ఆ పట్టెడ పడగానే బిర్కా ఆటకుక్క కాదు. తల దించింది. పొడుగాటి పగ్గం అతని చేతుల్లోంచి జారుతూ ఉంటే గడ్డిలో అడ్డంగా వెళ్ళి, గుర్తు కొమ్మకు చాలా దూరంలో ఆగిపోయింది. మూతి నేలకు ఆనించి కదల్లేదు.

అక్కడ గడ్డి మొదట్లో గోరంత తెల్లటి ముక్క ఉంది. క్విరిన్ దాన్ని తీసి ఉమ్మితో తుడిచి అరచేతిలో పెట్టుకున్నాడు. పన్ను. నమిలి నమిలి అరిగిన దవడ పన్ను చెక్క. పక్కనే చొంగ తీగ ఒకటి గడ్డిపోచకు వేలాడుతోంది. అందులో గులాబీ రంగు.

"తలకి గురిపెట్టావా?" అన్నాడు.

ఆఫ్రా తుపాకీ పట్టీ సర్దుకుంది.

"ఈ కొండల్లో తలకి గురిపెట్టే మనిషి లేడు. జబ్బ వెనక కొట్టాలి, లేదా తుపాకీ దించెయ్యాలి. నీకు నేర్పిన వాడెవడు? కాల్చిన చోటు కూడా గుర్తులేదు నీకు. కొమ్మ ఎక్కడ గుచ్చావు, జింక ఎక్కడుంది?"

"పోనీలేరా, కొత్త పిల్ల," అన్నాడు గాలుస్.

"జింక కూడా కొత్తదేనా?"

అప్పుడు వాగు పక్క పొదల కింద ఏదో కదిలింది. జింకపిల్ల. ఈ వేసవిలో పుట్టింది. చెవులు ఇటే పెట్టి నిలబడి, సన్నగా ఒకసారి అరిచింది.

"పిల్లతల్లి," అన్నాడు క్విరిన్. "పిల్ల ఉండగా తల్లిని కాల్చారు."

"లేదు. పిల్ల లేదు," అన్నాడు గాలుస్, సరిగ్గా అటే చూస్తూ. "ఒంటరిది. ఇంకా ఈనని పడుచు జింక."

కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనడం పెద్దరికం చేసేవాళ్ళకు అలవాటేనని క్విరిన్ అనుకున్నాడు. పన్ను ముక్కను చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు. దవడ పగిలిన జింక వెంటనే చావదు. అదే దాని ఖర్మ. పరిగెడుతుంది, నీళ్ళ దగ్గరికి వస్తుంది, గడ్డి ఎదురుగా నిలబడుతుంది. నమల్లేదు. కండ కరిగేదాకా నిలబడుతుంది. తిండి ఎదురుగా పెట్టుకుని మింగలేకపోవడం ఎలా ఉంటుందో అతను తన ఇంట్లో ఒకసారి చూశాడు. భార్య మార్గిట్‌కు చివర్లో పాలు పట్టిన ఉగ్గుగిన్నె ఇంకా వంటింటి అలమారలోనే ఉంది. ఇంకోసారి చూడదలుచుకోలేదు.

"నేను వెళ్తున్నా. దొరికేదాకా."

"నీకేం పిచ్చా? ఆ కొండ ఎక్కుతావా?"

"కాల్చినవాళ్ళు కుక్క వెనక నడవాలి. అది నువ్వు పెట్టిన రూలు కాదు, నేను పెట్టిన రూలు కాదు."

"నా మోకాళ్ళు..."

"నిన్నెవరు రమ్మన్నారు? కాల్చింది నువ్వా?"

గాలుస్ మోకాలు రుద్దుకున్నాడు.

"నేనొస్తా బాబాయ్," అంది ఆఫ్రా.

*

దారిలో ఆమెకు చెప్పింది కొంచెమే. వెనక నడు. మాట్లాడకు. నేను ఆగితే ఆగు. పగ్గం ముట్టుకోకు.

అతని ఎడమచేతి ఉంగరం వేలికి పై కణుపు లేదు. ఆమె దాన్ని చూడడం అతను చూశాడు. ఎలా పోయిందో చెప్పలేదు.

బిర్కా వాగు దాటింది, ఆల్డర్ పొదల్లోంచి పైకి లాగింది. లాగడంలో తొందర లేదు. ముక్కు నేల మీద కాదు, జింక పొట్ట ఎత్తున ఆకుల మీద ఆడుతోంది. ఒకచోట ఆగి ఒక ఫెర్న్ ఆకును చూపించింది. ఆకు అంచున ఎండిన చొంగ. క్విరిన్ అక్కడ చెట్టు బెరడుకు గుడ్డపేలిక కట్టి "ఊఁ, అదే, పద" అని కుక్కతో మెల్లగా అన్నాడు. రోజంతా అతను మెత్తగా మాట్లాడింది కుక్కతోనే.

తల్లి గిట్టల జాడల మీద పిల్ల గిట్టల జాడలు పడి ఉన్నాయి. మెత్తటి మట్టి వచ్చినప్పుడల్లా కనిపించాయి. ఒక బండ పక్కన గడ్డి కొరికి వదిలేసిన గుర్తుంది. పోచలు తెగలేదు, నలిగాయంతే. క్విరిన్ ఆ నలిగిన పోచలను కోసి ఆఫ్రా చేతిలో పెట్టాడు.

"చూడు. ఆకలేసింది. ఇదీ నువ్వు చేసిన పని."

ఆమె పోచలను పారెయ్యలేదు. పిడికిట్లో పెట్టుకునే నడిచింది.

మధ్యాహ్నం అతను ఒక రాతి మీద కూర్చుని రై రొట్టె, పొగబెట్టిన పంది మాంసం కోసుకున్నాడు. ముందు కుక్కకు పెట్టాడు, తర్వాత తను తిన్నాడు. ఆమె తిండి తెచ్చుకోలేదు. ఒక చుట్టు చుట్టి రావడమే అనుకుంది కాబోలు. అతను ఇవ్వలేదు, ఆమె అడగలేదు. వాగు నీళ్ళు దోసిలితో తాగి వచ్చి, నిలబడే ఉంది.

"కూర్చో. నిలబడితే జింక లేచి రాదు."

కూర్చుంది.

పొద్దు వాలేసరికి రాళ్ళు దొర్లే వాలులో జాడ పలచబడింది. బిర్కా నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చి, మళ్ళీ వేసి, అతని మొహంలోకి చూసింది. కుక్క అలా చూస్తే చాలించాలి. అలిసిన ముక్కును తిట్టి పని చేయించేవాడికి కుక్క రెండోసారి నిజం చెప్పదు. అతను చివరి గుర్తు దగ్గర గుడ్డపేలిక కట్టాడు. వాలు పైన గుట్ట శిఖరం, శిఖరం అవతల కాసియన్ అనే వేటగాడి హద్దు.

"అవతలికి వెళ్తే?" అంది ఆఫ్రా. కొండ ఎక్కడం మొదలుపెట్టాక ఆమె అన్న మొదటి మాట.

"కాసియన్‌ని అడగాలి. అడుగుతా. సాయంత్రం బుర్గా సత్రంలో ఉంటాడు."

*

బుర్గా సత్రంలో వేటగాళ్ళ బల్ల పొయ్యి పక్కన. గాలుస్ బల్ల మొదట్లో కూర్చుని ఉన్నాడు. కాసియన్ గడ్డానికి సూప్ అంటించుకుని బార్లీ గింజలు నములుతున్నాడు. పాలకేంద్రంలో పనిచేసే ఇద్దరు బల్ల చివర పేకాడుతున్నారు. క్విరిన్ జేబులోంచి పన్ను ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదా?" అన్నాడు కాసియన్, వేలితో తిప్పుతూ. "అయితే మన లోయకి పళ్ళ డాక్టరమ్మ వచ్చిందన్నమాట."

బల్లంతా నవ్వింది. పేకాటలో ఒకడు దవడ పట్టుకుని, "అమ్మా, నాదీ పీకమ్మా, మత్తుమందొద్దు!" అన్నాడు. మళ్ళీ నవ్వు. బుర్గా గ్లాసులు తుడుస్తూ, "ఆడదాని చేతికి అట్లకాడ ఇచ్చి చూడండి, గురి తప్పదు" అంది. గాలుస్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాచి సారా గ్లాసు అందుకోబోయాడు. గ్లాసు దొర్లి బల్లంతా ఒలికింది.

"నీకెక్కిందయ్యా," అంటూ బుర్గా గుడ్డ తెచ్చింది.

క్విరిన్ నవ్వలేదు. కానీ ఊరుకోనూ లేదు. "పన్ను పీకడం ఎవరికైనా చేతనవుతుంది. పీకి, తుపాకీ భుజానేసుకుని ఇంటికెళ్ళి పడుకోడానికే గుండె కావాలి," అన్నాడు.

అన్నాక చూశాడు. ఆఫ్రా తలుపు దగ్గర నిలబడి ఉంది. మామగారిని తీసుకెళ్ళడానికి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా బల్ల దగ్గరికి వచ్చి గాలుస్ మోచెయ్యి పట్టుకుంది. "పద మామయ్యా." గుమ్మం దగ్గర, "మెట్టు," అని చిన్నగా అంది. ముసలాడు కాలితో తడిమి దిగాడు.

తప్పు చేసి సేవ చేస్తోంది, ఇంట్లో మంచి చేసుకోవాలిగా, అనుకున్నాడు క్విరిన్.

ఆమె మళ్ళీ లోపలికి వచ్చింది. "బాబాయ్, రేపు ఎప్పుడు?"

బల్ల దగ్గర నవ్వు ఆగింది.

"వెలుతురు రాగానే."

"కుక్క జాడ తీసేసరికి పిల్ల పెద్దదై పెళ్ళి కూడా చేసుకుంటుంది," అన్నాడు కాసియన్ ఆమె వెళ్ళాక. "నా హద్దులోకి వెళ్ళొచ్చులే. నువ్వెళ్తానంటే ఆపినవాడెవడు? కానీ వాన వస్తోంది. కడిగేస్తుంది."

"కడగనీ," అన్నాడు క్విరిన్, పన్ను మళ్ళీ జేబులో వేసుకుంటూ.

*

వాన కడిగేసింది. పేలిక కట్టిన చోట కుక్కకు ఏమీ అందలేదు. క్విరిన్ తిట్టలేదు. దాన్ని తీసుకుని శిఖరం వెంబడి నడిచాడు. ప్రతి నీటిచెలమ దగ్గరా, జింకలు పొర్లే ప్రతి బురదగుంట దగ్గరా ఆగాడు. పగిలిన దవడ మండుతుంది, మంటకు నీళ్ళు కావాలి. పైకి ఎక్కడం, కిందికి దిగడం, మళ్ళీ పైకి. కొండ మీద మబ్బు దిగి చెట్లు కనపడకుండా పోయాయి. తోలు పగ్గం తడిసి పాములా బరువెక్కింది.

ఆఫ్రా ఈసారి రొట్టె తెచ్చింది, ఇద్దరికీ సరిపోయేంత. చీజు, ఉడికించిన గుడ్లు కూడా. అతని ముందు గుడ్డ పరిచి పెట్టింది.

"నా దగ్గరుంది," అన్నాడు అతను.

ఆమె గుడ్డ మడిచేసింది. తను కూడా తినలేదు.

"అలిగి తినకపోతే నీ కడుపే మాడుతుంది."

"అలగలేదు బాబాయ్. అది తినలేదుగా."

తను కోసుకున్న ముక్క మింగడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

మధ్యాహ్నం దాటాక, శిఖరం అవతల, కాసియన్ వైపు బురదగుంట అంచున బిర్కా ఉన్నట్టుండి తోక బిగించింది. బురదలో చిన్న గిట్టలు. పెద్ద గిట్టలు వాటి పక్కనే, ఒకచోట మోకాళ్ళ మీద కూలబడ్డట్టు లోతుగా. అంచున తేలుతున్న ఆకు మీద చొంగ. ఆఫ్రా గబుక్కున పగ్గం అందుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నడుస్తోంది ఇంకా," అంది.

"నడవక ఏం చేస్తుంది? వెనక పిల్ల ఉంది."

లార్చ్ చెట్ల కింద దాకా జాడ పట్టారు. ఆకులు పసుపెక్కి వాన దెబ్బకు నేలంతా రాలి ఉన్నాయి. వెలుతురు పోయింది. కుక్క పాదాలు చిట్లాయి. క్విరిన్ దాన్ని ఎత్తుకుని కొండ దిగాడు. సగం దూరంలో ఆఫ్రా, "నాకివ్వు," అంది. అతను ఇవ్వలేదు.

మూడో రోజు వాన వెలిసింది. బిర్కా పాదాలకు కొవ్వు రాసి తీసుకొచ్చాడు. రాలిన లార్చ్ ఆకుల్లోంచి జాడ కిందికి, సన్నటి లోయలోకి దిగింది. అక్కడ వాగు బండల మధ్య పడి హోరెత్తుతోంది. ఒక మలుపులో బిర్కా పగ్గం మీద నిలువునా లేచింది. కిందనుంచి వేడి వాసన వస్తోందన్నమాట. క్విరిన్ పట్టెడ విప్పేశాడు.

"వెళ్ళు."

కుక్క పొదల్లో మాయమైంది. కాసేపు నీటి హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత దాని అరుపు వినిపించింది. పరుగులో అరిచే అరుపు కాదు, ఒక్కచోటనుంచి, ఆగకుండా, గట్టిగా. జింకను కదలనివ్వకుండా నిలబెట్టింది.

క్విరిన్ తన వయసు మర్చిపోయి దిగాడు. బండలు, వేళ్ళు, తడి నాచు. మోచెయ్యి చీరుకుంది. వెనక ఆఫ్రా జారిపడి లేచిన చప్పుడు విన్నాడు, ఆగలేదు. వాగు మధ్యలో, పొట్ట దాకా నీళ్ళలో, వీపును బండకు ఆనించి తల్లి జింక నిలబడి ఉంది. కింది దవడ వేలాడుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కుక్క ఒడ్డు మీద ఎదురుగా అరుస్తోంటే తల వంచి కొమ్ముల్లేని నుదురు దానికి చూపిస్తోంది. ఇంకా పోరాడుతోంది. క్విరిన్ చెట్టు మొదలుకు ఆనుకుని, కుక్క పక్కకు జరిగేదాకా ఊపిరి బిగబట్టి, కాల్చాడు.

జింక ఉన్నచోటే నీళ్ళలోకి కూలింది.

ఇద్దరూ దిగి దాన్ని ఒడ్డుకు లాగారు. క్విరిన్ బిర్కాను దాని పక్కన కూర్చోనిచ్చాడు. కుక్క చచ్చిన జింక మెడ మీద మూతి పెట్టి కళ్ళు మూసుకుంది. అది దాని కూలి.

అప్పుడు అవతలి వాలులో పిల్ల కనిపించింది. పొదలోంచి బయటికి వచ్చి తల్లి వైపు చూసింది. అరిచింది.

"తల్లి లేని పిల్లను మంద దగ్గరికి రానివ్వదు," అన్నాడు క్విరిన్. "మంచు పడిన రోజే..."

"తెలుసు," అంది ఆఫ్రా.

అతను తుపాకీలో గుండు వేస్తున్నాడు. కానీ ఆమె అప్పటికే కూర్చుంది. సంచిని బండ మీద పెట్టి, తుపాకీని సంచి మీద ఆనించి, చెంప ఆనించింది. పిల్ల ఎదురుగా నిలబడింది. ఆమె కాల్చలేదు. పిల్ల తిరిగి సగం పక్కకు వచ్చింది. కాల్చలేదు. పిల్ల వంగి తడి గడ్డిని వాసన చూసింది, తలెత్తింది. ఆమె వేలు కదల్లేదు. క్విరిన్‌కు కంగారు పుట్టింది, పోతుందేమో అని. అతను ఎందరినో చూశాడు. ఇలా కాచుకునే చెయ్యి, తల మీద గురిపెట్టే చెయ్యి ఒకటి కాదు. అది అతని బుర్రలోకి వచ్చింది కానీ అప్పుడు దాన్ని పట్టుకోలేదు.

పిల్ల పూర్తిగా అడ్డం తిరిగింది. గుండు పేలింది. జబ్బ వెనక. పిల్ల ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఆఫ్రా తుపాకీలోంచి ఖాళీ తూటా తీసి నేల మీద పెట్టింది. ఆమె మొహం తెల్లబడి ఉంది. కళ్ళల్లో నీళ్ళు లేవు.

పిల్లను మోసుకొచ్చి తల్లి పక్కన పడుకోబెట్టారు. క్విరిన్ దేవదారు కొమ్మలు విరిచి, ఒక్కొక్కదాని నోట్లో చివరి మేతగా ఒక్కో రెమ్మ పెట్టాడు. తల్లి నోట్లో పెట్టేటప్పుడు పగిలిన దవడను చేత్తో పట్టుకుని మూశాడు. తర్వాత మరో రెండు రెమ్మలు తీసి గాయాల రక్తంలో అద్ది, టోపీ తిరగేసి దానిలో పెట్టి, ఆఫ్రా ముందు చాచాడు. మొదట కాల్చినవాళ్ళు రెమ్మ తీసుకోవాలి. కుక్క జాడ తీసిన జింకైతే దాన్ని విరిచి సగం కుక్కకివ్వాలి. ఈ ఆచారం తెలియని పిల్లలు కూడా ఆ లోయలో లేరు. అతని ఇంట్లో కుక్క చాప పైన దూలానికి అలాంటి సగం రెమ్మలు ఎండి వేలాడుతున్నాయి. ప్రతిదీ ఎవరిదో ఒకరి తప్పు గురి.

"తీసుకో. పెద్దది విరువు."

ఆఫ్రా చిన్న రెమ్మ తీసుకుని తన టోపీకి గుచ్చుకుంది. పెద్దదాన్ని ముట్టుకోలేదు.

"ఇది?"

"అది నాది కాదు."

క్విరిన్ టోపీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. వాగు హోరు ఒక్కసారి పెద్దదైనట్టనిపించింది.

"మరి ఎవరిది?"

"ఎవరు కాల్చారో చెప్పనని మాటిచ్చా బాబాయ్. అదే మంచె మీద పక్కనే కూర్చున్నా, తల విదిలించడం చూశా. చెప్పనని మాటిచ్చా." ఆమె గొంతు సవరించుకుంది. "రెమ్మ తీసుకుంటానని మాత్రం ఇవ్వలేదు."

క్విరిన్ బండ మీద కూర్చున్నాడు. గుర్తు కొమ్మ ఎక్కడో గుచ్చి ఉండడం, కళ్ళెదుట పిల్లను లేదనడం, ఒలికిన సారా, గుమ్మం దగ్గర "మెట్టు" అన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. వాటన్నిటి ముందూ తను నిలబడే ఉన్నాడు. చూసి, చూడలేదు. గాలుస్ కళ్ళు గుడ్డివైతే, మరి తన కళ్ళకేమొచ్చింది?

"ఇంత నడిచావు," అన్నాడు చివరికి. "అంటుంటే పడ్డావు. ఎందుకు?"

"ఎవరో ఒకరు దాని వెనక నడవాలిగా."

*

కాసియన్ ట్రాక్టర్‌తో వచ్చి జింకలను గాలుస్ పెరటికి చేర్చాడు. మాంసం కోసే గది అక్కడే. పెరట్లో దేవదారు కొమ్మలు పరిచి తల్లినీ పిల్లనూ కుడిపక్కకు పడుకోబెట్టారు. సత్రం బల్ల దగ్గరి వాళ్ళంతా వచ్చారు. బుర్గా కూడా ఆప్రాన్‌తోనే వచ్చింది. గాలుస్ గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"దొరికిందన్నమాట!" అన్నాడు గాలుస్. "చెప్పానుగా, మా క్విరిన్ పట్టుకుంటే వదలడు."

క్విరిన్ పెద్ద రెమ్మను తల్లి జింక జబ్బ మీద పెట్టి, పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, టోపీకి రెమ్మ పెట్టావు, బాగుంది," అన్నాడు కాసియన్. "మరి ఆ రెమ్మేంటి, అక్కడే ఉంది?"

"కాల్చినవాళ్ళు ఇంకా తీసుకోలేదు," అన్నాడు క్విరిన్.

"అదేంటి? ఆఫ్రా కదా..."

"ఆఫ్రాది ఆమె టోపీలో ఉంది. ఒక్క గుండు, జబ్బ వెనక. వెళ్ళి చూడు. ఇది వేరేవాళ్ళది. వాళ్ళు తీసుకునేదాకా దీన్ని ఎవరూ కొయ్యరు."

కాసియన్ పిల్ల జింక దగ్గర వంగి చూశాడు. లేచాక మళ్ళీ హాస్యం ఆడలేదు. పేకాటవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. కత్తి పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డవాడు కత్తిని వెనక దాచుకున్నాడు. బిర్కా అలిసిపోయి క్విరిన్ కాళ్ళ దగ్గర పడుకుంది. ఆఫ్రా పంపు దగ్గర చేతులు కడుక్కుంటోంది. నీళ్ళ చప్పుడొక్కటే వినిపించింది. అదీ ఆగింది.

గాలుస్ లేచాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నిటారుగా నడిచి వచ్చాడు. తన పెరడు, ప్రతి రాయీ తెలుసు. జింక ముందు ఒంగి, రెమ్మ కోసం చెయ్యి చాచాడు.

చెయ్యి జింక పొట్ట మీద పడింది. వేళ్ళు తడి వెంట్రుకల్లో వెతికాయి. వెన్ను వైపు పోయాయి, మళ్ళీ కిందికి వచ్చాయి. రెమ్మ మూరెడు దూరంలో ఉంది. అందరూ చూశారు. బుర్గా ఆప్రాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసియన్ నేల చూపులు చూశాడు.

క్విరిన్ పక్కనే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందుతుంది. చాచలేదు. ఆ చెయ్యిని వెతకనిచ్చాడు.

ఆఫ్రా వచ్చింది. రెమ్మ తీసి ఇవ్వలేదు. మామగారి మణికట్టు పట్టుకుని, చేతిని రెమ్మ మీద పెట్టి, వదిలేసింది.

గాలుస్ రెమ్మ విరిచాడు. రెండు సగాల్లో ఒకటి ముందుకు చాచాడు. క్విరిన్ నిలబడింది అటు కాదు. ఆ సగం కాసేపు గాలిలో ఉంది. తర్వాత క్విరిన్ రెండడుగులు వేసి అందుకున్నాడు.

"కిందటి ఏడాది నుంచేరా," అన్నాడు గాలుస్, అతనికొక్కడికే వినిపించేట్టు. "పక్కలు కనిపిస్తాయి, నడిమధ్య కనపడదు. చెప్దామనే..."

"నాకెందుకు? దానికి చెప్పు," అన్నాడు క్విరిన్, జింకను చూపిస్తూ. చూపించినా ఉపయోగం లేదని గుర్తొచ్చింది. అయినా చెయ్యి దించలేదు. "నీ తుపాకీ ఇవాళే కాసియన్‌కిచ్చెయ్. మంచె ఎక్కకు."

గాలుస్ తలూపాడు. విరిగిన సగాన్ని టోపీకి గుచ్చుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించి, చేతిలోనే పెట్టుకున్నాడు.

కత్తివాడు బయటికి వచ్చాడు. మనుషులు కదిలారు. కాసియన్ ఆఫ్రా దగ్గరికి వెళ్ళి ఏదో అనబోయి, "మంచి గురి," అని మాత్రం అన్నాడు. ఆమె, "ఊఁ" అంది.

క్విరిన్ సగం రెమ్మను కుక్క పట్టెడకు గుచ్చాడు. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఒకటుంది. వెతికితే దొరికే మాటే. కానీ అలాంటి మాటలు అతని నోట వచ్చి చాలా కాలమైంది, వచ్చినా వంకరగా వస్తాయి. వీధి గేటు దాకా వెళ్ళి ఆగాడు.

"ఏమ్మా."

ఆఫ్రా వచ్చింది.

"నీ దగ్గర ఆ రొట్టె ఉందా ఇంకా?"

"ఉంది. గట్టిపడింది."

"తే."

ఆమె గుడ్డ విప్పింది. అతను సగం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. సగం ఆమెకు వదిలాడు. ఇద్దరూ గేటు దగ్గర నిలబడే నమిలారు. తర్వాత అతను భుజం మీది పగ్గం దించి, చుట్ట విప్పి, ఒక కొస పట్టెడకు తగిలించి, రెండో కొస ఆమె చేతిలో పెట్టాడు. బిర్కా తలెత్తి ఇద్దరినీ చూసి, ఆమె ముందుకు వచ్చి నిలబడింది.

"ఇంటిదాకా నువ్వు పట్టుకో," అన్నాడు. "వదులుగా. వేలికి చుట్టుకోకు."